గంట కొట్టారు

చప్పుడు రాలేదు. చెక్క మీద చెక్క తిరిగితే కిర్రుమనాలి. మా బడి తలుపు అంటుంది, మా ఇంట్లో పాత పెట్టె మూత అంటుంది. కానీ బాబాయిగారు వేలి కొసతో అలా తాకగానే బల్ల మీది చెక్క చక్రం నీళ్ళ మీద ఆకులా తిరిగింది, దాని అంచున నిలబెట్టిన ఆయన పడవ, కాస్త అవతల నిలబెట్టిన నా పడవ, రెండూ కలిసే కదిలాయి. నేనేమీ చెయ్యకుండానే నేను ఎక్కడికో వెళ్ళిపోయాను. "నీ వంతు, తల్లీ" అన్నారాయన. నా వంతేనని తెలుసు. చక్రం వైపు చూడాలి, కానీ తలుపు వైపు చూస్తున్నాను. ఆ తలుపుకి ఆకుపచ్చ రంగు, పిడి దగ్గర మాత్రం చేతులు తగిలీ తగిలీ రంగు పోయి లోపలి చెక్క కనిపిస్తోంది. దాని వెనక చిన్న గదిలో మా అక్క కూర్చుని ఉంది, అక్కకి ఎదురుగా తాళాలమ్మగారు, పక్కన పళ్ళ డాక్టరుగారు. అక్క తయారుచేసిన ఆటకి దొంగ ఓట్లు పడ్డాయట, అవి ఎలా పడ్డాయో అక్క చెప్పాలట. అక్కకి ఏమీ తెలియదు. తెలిసినదాన్ని నేను, ఇక్కడ ఈ కుర్చీలో, చెప్పుల్లో కాలివేళ్ళు ముడుచుకుని, నోట్లో మాట మింగనూ లేక కక్కనూ లేక. నేను నోటితో చెప్పలేనివన్నీ డైరీలో చెప్పుకుంటాను. డైరీ ఇంట్లో ఉంది.

ఈ గది గ్రంథాలయం పైఅంతస్తు. బల్ల మీద పరుచుకుని ఆడే ఆటల్ని సొంతంగా తయారుచేసేవాళ్ళు, ఊరికే ఆడటానికి వచ్చేవాళ్ళు, అందరూ కలిసి ఒక సంఘం పెట్టుకుని నెలకోసారి ఇక్కడ చేరతారని అక్క చెప్పింది గానీ, ఇంత పెద్దవాళ్ళు ఆటల కోసం ఇంత గట్టిగా పోట్లాడుకుంటారని చెప్పలేదు. పొద్దున మేము మెట్లెక్కి వచ్చేసరికే మొదలైంది. నెట్‌లో ఓటేస్తే వేసింది మనిషో కాదో ఎలా తెలుస్తుందండీ అని ఒకావిడ, పేర్లు రాయించుకుంటే ఇక రహస్యం ఏముంది అని ఇంకొకాయన, రహస్యం లేకపోతే మొహమాటానికి వేస్తారండీ, మా బావమరిది ఆట నాకు నచ్చలేదని నేను పేరు పెట్టి రాయగలనా, రాసి ఇంటికి వెళ్ళగలనా అని మరొకాయన. అందరూ నవ్వారు, నవ్వి మళ్ళీ పోట్లాటలో పడ్డారు. ఆ పోట్లాడేవాళ్ళలో ఒకాయన బస్సు కండక్టరట, ఒకావిడ ఆసుపత్రిలో నర్సట. ఇంటి పైకప్పు గురించి, పిల్లల జ్వరం గురించి మాట్లాడేటప్పుడు మా ఊళ్ళో పెద్దవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో, అలాంటి మొహాలు పెట్టుకుని వీళ్ళు ఆటల గురించి మాట్లాడుతున్నారు. ఇంతాచేసి 'ఈ ఏటి ఆట' అని గెలిచినవాళ్ళకి ఇచ్చేది ఒక చెక్క పాచిక. కిటికీ గట్టు మీద పెట్టి ఉంది, మనిషి తలకాయంత ఉంటుంది, చుక్కలు వంకరటింకరగా చెక్కారు. దాన్ని ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుని మళ్ళీ తెచ్చి ఇచ్చెయ్యాలి. ఇంతదానికా అనుకున్నాను మొదట. తర్వాత దాన్ని అక్క చూసిన చూపు చూశాను. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన అట్టపెట్టెని ఇంకొంచెం దగ్గరికి హత్తుకుని, కొత్తగా పుట్టిన పిల్లని చూడ్డానికి వెళ్ళినవాళ్ళు గుమ్మంలో ఆగినట్టు ఆగి చూసింది.

తాళాలమ్మగారి అసలు పేరు ఎవరూ అనరు. ఆవిడ బ్యాంకుల కంప్యూటర్లలోకి దొంగలు రాకుండా చూసే ఉద్యోగం చేస్తారట, సంఘం ఓట్లకీ ఆవిడే కాపలా, అందుకని ఆ పేరు. ఆవిడ లేచి నిలబడగానే పోట్లాట దానంతటదే ఆగిపోయింది. గొంతు పెంచరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చదివే కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "చీమలబారు అనే ఆటకి ఒకే కంప్యూటరు నుంచి, ఒకే మధ్యాహ్నం, ఒకదాని వెనక ఒకటి బోలెడన్ని ఓట్లు వచ్చాయి. ఆట గురించి రెండు మాటలు రాయమని అడుగుతాం కదా, అందులో ఇలా ఉంది" అని చదివారు. ఈ ఆట మాకు మిక్కిలి నచ్చినది. చీమల నుండి మనము ఐకమత్యము నేర్చుకొనవలెను. ఆవిడ రెండో ఓటుది చదివారు, అవే వాక్యాలు. మూడోదీ అంతే. నాలుగోదానికి వెనక వరసలో ఎవరో ఆవిడతో పాటే పలికారు, ఇక గదంతా నవ్వు. సంఘానికి పెద్ద అయిన పళ్ళ డాక్టరుగారైతే బల్ల చరిచి, "చీమల ఆట కదండీ, ఓట్లు కూడా బారులు తీరి వచ్చాయి! బెల్లం ఎక్కడ పెట్టారో ఆ అమ్మాయినే అడగండి" అన్నారు. అక్క నవ్వలేదు. అక్క మెడ మీంచి ఎరుపు పైకి పాకి చెవుల దాకా వచ్చింది. "నాకు తెలీదండీ" అంది. నిజం చెప్పినా అబద్ధంలా వినిపించే గొంతు ఒకటి ఉంటుంది, సరిగ్గా ఆ గొంతుతో అంది. నాకు రెండోసారి వినగానే తెలిసిపోయింది. మొదటిసారికే తెలియాల్సింది. కానీ నల్లబల్ల మీద తెల్లటి సుద్దతో చూసిన మాటలు, ఇంత దూరంలో, ఈ ఫ్యాను గాలిలో, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకున్న ఆవిడ నోట్లోంచి వస్తే వెంటనే గుర్తుపట్టలేకపోయాను.

ఆ వేళ వాన. వాన పడితే మా బడిలో ఆటలకి బయటికి పంపరు, అందుకని అక్క బడికి ఇచ్చిన చీమలబారు పెట్టె తీస్తారు. అక్క పనిచేసేది అట్టపెట్టెలు తయారుచేసే కార్ఖానాలో. అక్కడ మిగిలిన అట్టముక్కలతో చేసిన ఆటే ఇది, దాని చీమలు వానకి కాస్త చెమ్మ పట్టి మెత్తబడతాయి, ఆరబెట్టి మళ్ళీ ఆడతాం. పట్టుకుని పట్టుకుని గింజల ముక్కలకి అంచులు అరిగిపోయాయి. ఆడుతూ ఉంటే సైన్సు టీచరు చూసి, ఈ ఆట పోటీలో ఉందటగా, మన ఊరి అమ్మాయి చేసిందిగా, మనం వెయ్యకపోతే ఎవరు వేస్తారు అని, బడికంతటికీ ఉన్న ఒకే ఒక కంప్యూటరు గది తాళం తెచ్చారు. అందరం వరసలో నిలబడ్డాం. ఒక్కొక్కళ్ళు కూర్చుని వెయ్యడం, లేవడం. ఏం రాయాలి మేడమ్ అని మొదటివాడు అడిగాడు. మాకు ఏ ప్రశ్నకైనా జవాబు నల్లబల్ల మీద రాసి ఇస్తారు, మేం చూసి రాస్తాం, అక్షరం పోతే మార్కు పోతుంది. ఆ అలవాటుకే టీచరు వెనక్కి తిరిగి బల్ల మీద ఆ రెండు వాక్యాలూ రాసేశారు, గుండ్రటి అక్షరాలతో, గీత కొట్టినట్టు తిన్నగా. అందరూ చూసి రాశారు, ఎవరూ అక్షరం పోగొట్టలేదు. నా వంతు వచ్చినప్పుడు నేను పక్కకి తప్పుకున్నాను. పోటీకి పేరు ఇచ్చిన రోజే అక్క ఇంట్లో చెప్పింది, మనింట్లోవాళ్ళం ఎవరం వెయ్యొద్దు, బాగుండదు అని. టీచరు నన్ను చూసి తల ఊపారు, మంచిదే, అయితే మీ అక్కకి చెప్పకు, గెలిచాక తెలిస్తే ఎంత సంతోషపడుతుందో అన్నారు. నేను చెప్పలేదు. నాకు చెప్పకపోవడం చాలా తేలిక. ఆ సంతోషాన్ని ఇన్నాళ్ళూ నోట్లో చక్కెర బిళ్ళలా దాచుకుని తిరిగాను, బస్సులో కూడా, మెట్లెక్కేటప్పుడు కూడా.

"ఆలోచించుకో, తొందరేం లేదు" అంటున్నారు బాబాయిగారు. నేను ఆట గురించే ఆలోచిస్తున్నానని అనుకుంటున్నారు. కుట్టుమిషన్లు బాగుచేస్తారట ఈయన, దగ్గరికొస్తే మిషన్ నూనె వాసన, అందుకని అందరూ నూనె బాబాయి అంటారు, ఆయనా పలుకుతారు. అక్కని లోపలికి తీసుకెళ్ళాక అందరూ నావైపు చూసీ చూడనట్టు చూస్తుంటే, ఈయనే వచ్చి, "ఊరికే కూర్చుంటే గోళ్ళు కొరుక్కుంటావు, రా, ఒక ఆట వేద్దాం" అని నన్ను తన ఆట ముందు కూర్చోబెట్టారు. దీని పేరు సుడి. ఇదీ పోటీలో ఉంది. దొంగ ఓట్లు తీసేస్తే గెలిచేది ఇదేనని ఎవరో అనడం విన్నాను. అంటే ఇది అక్కకి ఎదురు ఆట. దీన్ని ముట్టుకోకూడదు అనుకున్నాను. ముట్టుకున్నాను. ఒకదాని లోపల ఒకటిగా మూడు చక్రాలు, మూడూ సముద్రమే, మధ్యలో రేవు, రేవులో దీపం. అంచు నుంచి లోపలికి రావాలి. చక్రానికీ చక్రానికీ మధ్య గట్టుకి ఒక్కొక్క సందు, రెండు సందులూ ఎదురుబొదురుగా వచ్చినప్పుడే పడవ లోపలికి జారుతుంది. నియమం ఒక్కటే చెప్పారు. పడవని ముట్టుకోకూడదు. నీళ్ళని తిప్పాలి, పడవని కాదు. అంతే. అంతే అనుకున్నాను గానీ, నేను నీళ్ళు తిప్పిన ప్రతిసారీ నా పడవతో పాటు ఆయన పడవా వెళుతుంది, ఆయన తిప్పితే నాదీ వెళుతుంది. నాకు మంచిది చేసుకోబోతే ఆయనకి మంచి జరుగుతుంది, ఆయన్ని ఆపబోతే నేను ఆగిపోతాను. ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళలేని సముద్రం. ఇది మనిషికి ఎలా తోచింది? మిషన్ విప్పి, నూనె వేసి, చక్రం తిప్పి చూస్తూ చూస్తూ ఉంటే ఒకరోజు తోచిందా? నా చెయ్యి నేను చెప్పకుండానే లోపలి చక్రం మీదికి వెళ్ళింది. చల్లగా, నున్నగా ఉంది. అది తిరుగుతుంటే వెన్నులో ఏదో పాకింది, మొదటిసారి సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర చూసినప్పుడు పాకినట్టు, ఇంత చిన్న చోట ఇన్ని గదులున్నాయా అని. వెంటనే తలుపు గుర్తొచ్చింది. అక్క లోపల తల దించుకుని కూర్చుని ఉంటే నేను ఇక్కడ ఈ ఆట చూసి మురిసిపోతున్నాను.

అక్కకి నా మొహమే కొలబద్ద. నేను మాట్లాడనని ఇంట్లో అందరికీ బెంగ, ఒక్క అక్కకే అది పనికొచ్చింది. చీమలబారు తయారవుతున్నప్పుడు ఆదివారం ఆదివారం అట్టముక్కలు పరిచి నన్ను కూర్చోబెట్టి, ఎలా ఉందని అడిగేది కాదు, నా మొహం చూస్తూ ఉండేది. పిల్లీ, నువ్వు ఇక్కడ ముక్కు ముడిచావు, ఇక్కడ నీకు విసుగొచ్చింది, తీసేస్తా. పిల్లీ, ఇక్కడ నీ కాలివేళ్ళు కదిలాయి, ఇది ఉంచుతా. నన్ను పిల్లీ అని పిలిచేది అక్క ఒక్కతే, అడుగు చప్పుడు లేకుండా తిరుగుతానని. ఒక చీమ మొయ్యలేని గింజని రెండు చీమలు కలిసి మోసే ఎత్తు ఉంది చూడండి, అది నా కాలివేళ్ళ వల్లే మిగిలింది. చీమలబారు నాకు ఎంత ఇష్టమంటే, అది ఆడేటప్పుడు నేను మాట్లాడతాను కూడా, చీమల తరఫున. మా తరగతి అంతా మాట్లాడుతుంది, అరుస్తుంది, పోట్లాడుతుంది. అవి దొంగ ఓట్లు కావు. ఆ మాటలు మాత్రమే టీచరువి, ఇష్టం వాళ్ళది. ఈ మాట లేచి చెబితే చాలు. లేవడం ఎంతసేపు. కుర్చీ వెనక్కి జరపాలి, జరిపితే చప్పుడవుతుంది, చప్పుడైతే అందరూ చూస్తారు, చూస్తే నేను తల దించుకుంటాను, అప్పుడు గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టే ఉంటుంది, చూశారా చెల్లెలికీ తెలుసు అంటారు.

"ఇది తిప్పితే మీ పడవ కూడా రేవులోకి వెళ్ళిపోతుందండీ" అన్నాను. ఆట గురించి కాబట్టి మాట వచ్చింది. చక్రం మీద వేలు పెట్టి అలాగే ఉంచాను. బాబాయిగారు వంగి చూసి, "అవును, వెళ్ళిపోతుంది. వెళితే వెళ్ళనీ. నువ్వు చేరతావా లేదా?" అన్నారు. చేరతాను. తిప్పాను. రెండు పడవలూ కలిసి సందు దగ్గరికి వచ్చి ఆగాయి, చప్పుడు లేకుండా, అంత నెమ్మదిగా ఉన్న ఆ చోట, నీళ్ళ మీద చెయ్యి ఇంకా ఉండగానే, "టీచరు నల్లబల్ల మీద రాశారండీ" అన్నాను. ఆయన తల ఎత్తారు. నేను చక్రం వైపే చూస్తూ చెప్పాను. వాన, కంప్యూటరు గది తాళం, వరస, సుద్ద, చూసి రాయడం. ఇంట్లో కూడా ఇన్ని వాక్యాలు ఒకేసారి చెప్పి ఉండను. చెప్పడం అయింది. ఆయన గెలవాలంటే ఊరుకుంటే చాలని నాకు అప్పుడు తట్టింది. చెప్పాల్సినవాళ్ళకి కాక, చెప్పకూడనివాళ్ళకే చెప్పానేమో. ఆయన చేతిగుడ్డ తీసి వేళ్ళు తుడుచుకున్నారు, ఒక్కొక్క వేలూ, ఎంత తుడిచినా పోని నలుపుని. లేచారు. ఆకుపచ్చ తలుపు దగ్గరికి వెళ్ళి రంగు పోయిన చోటే చెయ్యి పెట్టి తోశారు. "తాళాలమ్మా, దొంగ దొరికాడు. బళ్ళో సుద్దముక్క పట్టుకుని ఉన్నాడట. బయటికి రండి, ఈ పిల్ల చెబుతుంది" అన్నారు. తన పాచికని తన చేత్తోనే దూరంగా నెట్టేసుకుంటూ, మిషన్‌కి దారం ఎక్కించినంత మామూలుగా అన్నారు.

తాళాలమ్మగారు వచ్చి నా ఎదుట కుర్చీలో కూర్చున్నారు. వెనకే అక్క, కళ్ళు ఎర్రగా. చుట్టూ మనుషులు. మళ్ళీ చెప్పాను, ముక్కలు ముక్కలుగా, మధ్యలో ఆగిపోతే ఆవిడ తొందరపెట్టలేదు. పళ్ళ డాక్టరుగారు మాత్రం, "కథ బాగానే ఉందండీ, రుజువేది? రేపు నేనూ చెబుతాను మా క్లినిక్కులో రోగులందరూ వరసలో నిలబడి వేశారని. నోరు తెరిచి ఉన్నప్పుడు" అన్నారు. "మీ దగ్గరికొచ్చినవాళ్ళు మళ్ళీ మీ వైపు రారు, ఓటెక్కడ వేస్తారు" అని ఎవరో అన్నారు. తాళాలమ్మగారు నవ్వలేదు. ఆ కాగితం నా ముందు పెట్టి, "అందరూ ఒకటే రాశారు. ఒక్కరు మాత్రం చివర ఇంకో రెండు మాటలు రాశారు. అవేమిటో నువ్వు చెప్పగలవా? చూడకుండా" అని కాగితాన్ని అరచేత్తో మూశారు. నాకేం తెలుస్తుంది. నేను రాయలేదు. నేను పక్కన నిలబడ్డాను. కళ్ళు మూసుకున్నాను. వాన చప్పుడు. కిటికీలోంచి తుంపర. వరసలో చివర మా తరగతిలో అందరికన్నా నెమ్మదిగా రాసే అమ్మాయి, ఒక్కొక్క అక్షరాన్నీ మీటల మీద వెతుక్కుంటూ, ఇంతలో బడి వదిలే గంట, అందరూ ఒకటే పరుగు, ఆ అమ్మాయి మాత్రం లేవకుండా ఇంకా ఏదో కొడుతూ. ఏమిటే అది అన్నాను నేను. జరిగింది జరిగినట్టు రాయాలిగా అంది. "గంట కొట్టారు" అన్నాను.

తాళాలమ్మగారు చెయ్యి తీశారు. కాగితం చివర ఉంది. గంట కొట్టారు. ఆవిడ నుదుటి మీది కళ్ళజోడు దించి పెట్టుకుని, "వారం నుంచి ఈ రెండు మాటలే నన్ను పట్టుకున్నాయి. అన్నీ దొంగవే అని యంత్రం చెబుతోంది, ఒకటే కంప్యూటరు, ఒకటే మాట, ఇంకేం కావాలి. కానీ గంట కొట్టారని ఏ దొంగ రాస్తాడు? ఎందుకు రాస్తాడు?" అన్నారు. ఇంత దూరంలో, ఎప్పుడూ చూడని ఒకావిడ, అన్ని వాక్యాల మధ్యలో మా బడి గంట విన్నారు. విని పారెయ్యకుండా ఉంచుకున్నారు. కాపలా అంటే తలుపు మూయడం అనుకున్నాను. అంతమంది పిల్లల్లో అందరికన్నా వెనకబడ్డ అమ్మాయిని, పేరు కూడా తెలియకుండా, ఒక మనిషి అని గుర్తుపట్టడం కూడా కాపలాయేనట. అక్క చెయ్యి నా భుజం మీద పడింది, వెచ్చగా. అయిపోయింది, అక్క మీద మచ్చ పోయింది, పాచిక కూడా వస్తుంది, కిటికీ గట్టు మీంచి మా ఇంటికి, మా ఇంట్లో ఎక్కడ పెట్టాలి, రేడియో పక్కన పెట్టాలి. అప్పుడు తాళాలమ్మగారు, ఇందాకటి కన్నా మెత్తగా, "ఇంకొక్కటి అడుగుతాను తల్లీ. వాళ్ళు పోటీలో ఉన్న మిగతా ఆటలు ఆడారా?" అన్నారు.

గోడకి పెద్ద అక్షరాలతో అంటించి ఉంది, పొద్దున్నే చదివాను. ఓటు వేసేవారు పోటీలో ఉన్న ఆటల్లో కనీసం మూడు ఆడి ఉండవలెను. కంప్యూటరులో కూడా ఒక చిన్న గడి ఉంది, ఆడితిని అని. ఆడారుగా, పెట్టండర్రా టిక్కు అన్నారు టీచరు, మా ఆట గురించే అడుగుతున్నారనుకుని. మిగతావి మా దాకా ఎలా వస్తాయి? ఉన్నాయనే మాకు తెలియదు. సుడి అనేది ఒకటి ఉందని, నీళ్ళని తిప్పాలే గానీ పడవని ముట్టుకోకూడదని, ఈ పొద్దుటిదాకా నాకే తెలియదు. ఆడాం అంటే ఎవరూ వచ్చి చూడరు. ఒక మాట, చిన్నది, తల ఊపినా చాలు, తల ఊపడం నాకు బాగా వచ్చు. పాచిక వైపు చూడకూడదనుకున్నాను. బల్ల మీద రెండు పడవలు సందు దగ్గర ఇంకా అలాగే ఆగి ఉన్నాయి. తెలిసినది ఒక్కటే అయినప్పుడు దాన్నే ఎంచుకున్నాం అనడం ఎంచుకోవడమేనా? ఇందాక నా వెన్నులో పాకింది, అది మా తరగతిలో ఎవరికీ పాకలేదు, పాకే వీలే లేదు. వాళ్ళు చీమలకి వేశారు. సుడిని వద్దనుకుని కాదు, సుడి ఉందనే తెలియక. "లేదండీ" అన్నాను. నా గొంతు నాకే వినిపించింది.

"అదీ సంగతి! ఆటకి కాదు, ఊరమ్మాయికి వేశారన్నమాట" అన్నారు పళ్ళ డాక్టరుగారు. అక్క చెయ్యి నా భుజం మీంచి లేచింది. "ఆటకే వేశారండీ" అంది అక్క, ఈసారి గొంతు అబద్ధంలా లేదు, "మా పిల్లలు నచ్చనిది నచ్చిందని చెప్పరు. కానీ ఇది సరిపోదు. మిగతావి ఆడకుండా వేసిన ఓటు నా ఆటకే చిన్నతనం. తీసెయ్యండి" అంది. తాళాలమ్మగారు కాగితం మడిచి లేచారు, మళ్ళీ లెక్క చూసి చెబుతాం అని. పళ్ళ డాక్టరుగారు వెళ్ళబోయి ఆగి, "బెల్లం మాట వెనక్కి తీసుకున్నానమ్మా" అన్నారు అక్కతో, గోడ వైపు చూస్తూ. నేను అక్క మొహం చూడలేకపోయాను. అక్కే నా మొహం చూస్తోంది. నా ముందున్న చక్రాలని చూసింది, మళ్ళీ నా మొహం చూసింది, అట్టముక్కలు పరిచిన ఆదివారాల్లో చూసినట్టు. దాచుకుందామనుకున్నాను. పెదవులు బిగించాను, కళ్ళు దించాను. అక్క దగ్గర ఏం దాస్తాం.

"ఆడావా పిల్లీ?"

తల ఊపాను.

"బాగుంది" అంది అక్క. అడగలేదు. చదివింది. "నీ చెవులు కూడా ఎర్రబడ్డాయి. నా చీమలకి ఎప్పుడూ చెవుల దాకా రాలేదు."

ఏడుపొచ్చింది నాకు. అక్కకి కూడా వస్తుందనుకున్నాను, రావడానికి ముందు పెదవి కింద పడే చిన్న సొట్ట కూడా చూశాను. కానీ అక్క వేలు అప్పటికే బయటి చక్రం మీద ఉంది. కొంచెం తిప్పింది. చప్పుడు రాలేదు. ఇంకొంచెం తిప్పింది, చెవి దగ్గరగా పెట్టి తిప్పింది, ఆ సొట్ట మెల్లగా పోయి అక్క మొహంలోకి ఇంకేదో వచ్చింది, కార్ఖానాలో కొత్త అట్టకోత మిషన్ వచ్చిన రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినడం మర్చిపోయిన మొహం. "బాబాయిగారూ, ఇది ఎలా తిరుగుతోందండీ? చెక్క మీద చెక్క కదా, రాచుకోవాలి కదా" అంది. "కింద చూడాలమ్మా, పైన ఏం లేదు" అన్నారాయన, పంచుకోవడానికి ఇన్నేళ్ళూ ఎవరూ దొరకనట్టుగా. బల్లకి మధ్యలో కంత ఉంది, ఆ బల్లని కూడా ఆయన తనతోనే తెచ్చుకున్నారట, ఇరుసు కింది దాకా దిగి ఉంటుందట. ఆయన మోకాళ్ళ మీద వంగి బల్ల కిందికి దూరారు, అక్క కూడా చున్నీ నడుముకి బిగించి దూరింది. పాత మిషన్ చక్రంలోని ఇనుప గుండ్లు ఇవి, చూడు, వేలు పెట్టు, భయం లేదు అని ఆయన, అమ్మో ఇవా, అయితే నా గింజలకి కూడా ఇలా ఒకటి పెడితే దొర్లుతాయి కదండీ అని అక్క, దొర్లుతాయి గానీ అట్ట ఆగదే అని ఆయన, రెండు పొరలేస్తే అని అక్క. గుడ్డి వెలుతురులో రెండు జతల పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. వాళ్ళ తలల మీద సముద్రం తిరుగుతోంది, రెండు పడవల్ని మోసుకుంటూ.

అవతల తాళాలమ్మగారు ఏదో చదువుతున్నారు. ఈ ఏటి ఆట, అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి. పళ్ళ డాక్టరుగారు కిటికీ గట్టు మీంచి పాచికని రెండు చేతులా ఎత్తుకుని, అటూ ఇటూ చూసి, "మన నూనె బాబాయి ఏడండీ? ఇప్పుడే ఇక్కడున్నాడు. గెలిచి పారిపోయాడా?" అన్నారు. జనం వెతుకుతున్నారు. మెట్ల వైపు చూస్తున్నారు, ఆకుపచ్చ తలుపు వైపు చూస్తున్నారు. కింద ఉన్న ఇద్దరికీ ఏమీ వినిపించలేదు, అక్క ఇంకో గుండు అడుగుతోంది. తెలిసినదాన్ని మళ్ళీ నేనే. కుర్చీ వెనక్కి జరిపాను. చప్పుడైంది. అందరూ చూశారు.

"బల్ల కింద ఉన్నారండీ" అన్నాను, ఆ గదిలో చివరి వరస దాకా వినపడేటట్టు.